పార్ట్‌టైమ్ పని పోతే ఏమొస్తుంది? చట్టం చూసేది గంటలు కాదు, రోజులు

ఖరగ్‌పూర్‌లో పొద్దున నాలుగు గంటలు హాస్టల్ మెస్‌లో కూరగాయలు తరిగే ఆమెకీ, సాయంత్రం పూట గోల్‌బజార్ దుకాణంలో లెక్కలు రాసే కుర్రాడికీ, కాంట్రాక్టర్ కింద రైలు పెట్టెలు కడిగే కూలీకీ ఒక పోలిక ఉంది. పని పోయిన రోజున ముగ్గురూ ఒకే మాట అనుకుంటారు: ‘మనది పూట పనే కదా, పర్మినెంటు వాళ్లకు వచ్చేవి మనకెందుకు వస్తాయి?’ యజమాని కూడా అదే చెబుతాడు. ఆ నెలలో మిగిలిన జీతం చేతిలో పెట్టి, ఒక కాగితం మీద సంతకం తీసుకుని పంపించేస్తాడు.

చాలా సందర్భాల్లో ఆ మాట తప్పు. ఉద్యోగం తీసేసినప్పుడు ఇవ్వాల్సిన పరిహారానికైనా, ఈఎస్ఐ ఇచ్చే నిరుద్యోగ భృతికైనా మన చట్టాలు పెట్టిన అర్హత రోజుల లెక్క మీద ఉంటుంది. రోజుకు ఎన్ని గంటలు పనిచేశారన్నది డబ్బు ఎంత వస్తుందో నిర్ణయిస్తుందే తప్ప, హక్కు ఉందా లేదా అన్నదాన్ని నిర్ణయించదు. పార్ట్‌టైమ్ వాళ్లు నష్టపోయేది ఎక్కువగా చట్టం దగ్గర కాదు, కాగితం దగ్గర. ఆ కాగితంలో ఏముండాలి, ఎవరి దగ్గరకు వెళ్లాలి, ఎంత గడువుంది అన్నదే ఈ కథనం.

ఈ ఊరికి తెలిసిన పోరాటమే

ఖరగ్‌పూర్‌లో తెలుగు వినిపించడానికి కారణం రైలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) లైను వాల్తేరు దాకా ఉండేది. ఆ లైను వెంట ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లు వర్క్‌షాప్‌లోనూ, లోకో షెడ్లలోనూ చేరి ఇక్కడే స్థిరపడ్డారు. ఆ వర్క్‌షాప్‌లోనే 1927లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా పెద్ద సమ్మె జరిగింది. బీఎన్ఆర్ కార్మికుల నాయకుల్లో ముఖ్యుడు బరంపురంలో పుట్టిన తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి, అంటే తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి. కోతకు గురైన కార్మికుల తరఫున ఆయన చేసిన పోరాటం దేశమంతటా ఆయనకు పేరు తెచ్చింది.

పాతికేళ్ల తర్వాత, 1953 అక్టోబరు 24 నుంచి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఒక కొత్త అధ్యాయం అమల్లోకి వచ్చింది. ఉద్యోగి తప్పు లేకుండా తీసేస్తే నోటీసు ఇవ్వాలి, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి అన్న నియమం దేశవ్యాప్తంగా చట్టంలోకి ఎక్కింది అప్పుడే. అప్పటి కేంద్ర కార్మిక మంత్రి వి.వి.గిరి. ఇవాళ ఖరగ్‌పూర్‌లో పని పోయిన మనిషి అడగాల్సిన పరిహారం మూలం ఆ నియమమే.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో ఇప్పుడు పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 ఉంది. పాత చట్టంలోని 25ఎఫ్ సెక్షన్ చెప్పిందే కొత్త కోడ్‌లో 70వ సెక్షన్ చెబుతుంది. 2025 నవంబరు 21కి ముందు పని పోయినవాళ్లకు పాత చట్టమే ఆధారం.

ముందు తేలాల్సింది: మీరు మానేశారా, వాళ్లు తీసేశారా?

అసలు కీలకం ఇక్కడుంది. ఒకే మనిషి, ఒకే పని, ఒకే రోజున ఆగిపోయినా, కాగితం మీద రాసిన కారణాన్ని బట్టి వచ్చేది మారిపోతుంది.

‘సొంత కారణాల వల్ల మానేస్తున్నాను’ అని రాసి సంతకం పెడితే అది రాజీనామా. పరిహారం అడగడానికి దారి దాదాపు మూసుకుపోతుంది. ఈఎస్ఐ భృతికీ చిక్కు వస్తుంది. ‘పని లేదు, రావద్దు’ అని యజమాని తీసేస్తే అది చట్టం భాషలో రిట్రెంచ్‌మెంట్. క్రమశిక్షణ చర్యగా కాక మరే కారణంతో తీసేసినా ఆ మాట కిందికే వస్తుంది. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి: స్వచ్ఛంద పదవీ విరమణ, వయసు నిండి విరమించడం, ఎడతెగని అనారోగ్యం, ముందే రాసుకున్న గడువు ప్రకారం ఒప్పందం ముగియడం. దుష్ప్రవర్తన పేరుతో తీసేస్తే పరిహారం రాదు. కానీ అలా తీసేయాలంటే ఆరోపణ ఏమిటో చెప్పి, విచారణ జరపాలి.

అందుకే మొదటి సలహా ఒక్కటే. మీకు చదవడం రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టవద్దు. ఖరగ్‌పూర్‌లో ఇలాంటి కాగితాలు బెంగాలీలోనో ఇంగ్లిషులోనో ఉంటాయి. ఇంటికి తీసుకెళ్లి చదివించుకుంటామని అడగండి. ఇవ్వకపోతే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ వోచర్ మీద సంతకం అసలే వద్దు. జీతం తీసుకున్నట్టు సంతకం చేయాల్సి వస్తే, ‘ఫలానా నెల జీతం మాత్రమే అందింది’ అని మీ చేతితో రాసి, కింద తేదీ వేయండి.

పరిహారం లెక్క

ఏడాదికి తగ్గకుండా ‘నిరంతర సేవ’ ఉన్న కార్మికుణ్ణి తీసేయాలంటే యజమాని మూడు పనులు చేయాలి. కారణం రాసి నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా నోటీసుకు బదులు నెల జీతం ఇవ్వాలి. పనిచేసిన ప్రతి పూర్తి ఏడాదికి 15 రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. చివర్లో మిగిలిన కాలం ఆరు నెలలు దాటితే దాన్నీ పూర్తి ఏడాదిగా లెక్కగట్టాలి. మూడోది, ప్రభుత్వానికి తెలియజేయాలి.

నిరంతర సేవ అంటే గడిచిన 12 నెలల్లో 240 రోజులు పనిచేసి ఉండటం. వేతనంతో కూడిన వారపు సెలవులు, పండగ సెలవులు కూడా ఈ 240లో కలుస్తాయని 1985లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ ఎక్కడా గంటల ప్రస్తావన లేదు.

పార్ట్‌టైమ్ కార్మికులు ఈ రక్షణ కిందికి వస్తారా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. న్యూ ఇండియా అష్యూరెన్స్ సంస్థ కార్యాలయంలో ఊడ్చి, మంచినీళ్లు తెచ్చే పార్ట్‌టైమ్ కార్మికుడి కేసులో 2008లో తీర్పు వచ్చింది. యజమాని అజమాయిషీలో పనిచేస్తుంటే పార్ట్‌టైమ్ వ్యక్తి కూడా ‘వర్క్‌మన్’ అవుతాడనీ, 25ఎఫ్ రక్షణ అతనికీ ఉంటుందనీ కోర్టు తేల్చింది. ‘పూట పనికి పరిహారం ఉండదు’ అనే యజమానికి ఇది చాలు.

ఇప్పుడు వారంలో ఎన్ని రోజులన్న లెక్క చూద్దాం. వారానికి ఆరు రోజులు, రోజుకు మూడు నాలుగు గంటలు పనిచేసే మనిషికి ఏడాదిలో 300 రోజులు దాటుతాయి. హక్కు ఉంది. వారానికి ఐదు రోజులైతే 260. అదీ సరిపోతుంది, నాగాలు ఎక్కువ లేకపోతే. వారానికి నాలుగు రోజులైతే 208 మాత్రమే. అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున వారానికి నాలుగు రోజులు పనిచేసే వ్యక్తికి లేని హక్కు, రోజుకు రెండు గంటల చొప్పున ఆరు రోజులు వచ్చే వ్యక్తికి ఉంటుంది.

బ్రిటన్‌లో వ్యవహారం తిరగబడి ఉండేది. అక్కడ వారానికి ఇన్ని గంటలు చేస్తేనే ఉద్యోగ కోత పరిహారమన్న నిబంధన చాలాకాలం ఉంది. పార్ట్‌టైమ్ వాళ్లలో ఎక్కువమంది మహిళలే కాబట్టి అది వివక్ష అని 1994లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు ఇచ్చాక, 1995లో ఆ గంటల అడ్డు తొలగింది. మన చట్టంలో ఆ అడ్డు 1953 నుంచీ లేదు. ఉన్నది తెలియకపోవడం ఒక్కటే మన సమస్య.

ఈ పరిహారానికి సంస్థలో ఇంతమంది పనిచేయాలన్న షరతు కూడా లేదు. ప్రభుత్వ అనుమతి తీసుకుని మాత్రమే కోత పెట్టాలన్న నియమం పెద్ద సంస్థలది. దాని పరిమితిని కొత్త కోడ్ 100 మంది నుంచి 300కు పెంచింది. నోటీసు, 15 దినాల పరిహారం మాత్రం చిన్న దుకాణానికీ వర్తిస్తాయి.

కొత్త కోడ్ ఇంకొకటి చేర్చింది. తీసేసిన ప్రతి కార్మికుడికీ చివరి జీతంలో 15 రోజుల మొత్తాన్ని యజమాని నైపుణ్య పునఃశిక్షణ నిధికి కట్టాలి. 45 రోజుల్లో అది కార్మికుడి ఖాతాలో పడాలి. నిధిని ఏర్పాటు చేయాల్సింది సంబంధిత ప్రభుత్వం. కాబట్టి మీ ఫిర్యాదులో దీన్ని కూడా ఒక అంశంగా రాయండి.

ఈఎస్ఐ భృతి: ఎవరికి, ఎంత?

మన దేశంలో పని పోయిన ప్రతి ఒక్కరికీ వర్తించే నిరుద్యోగ బీమా లేదు. ఉన్నంతలో దానికి దగ్గరగా ఉన్నది ఈఎస్ఐ. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లు దీని కిందికి వస్తారు. వికలాంగులకు ఈ పరిమితి 25,000. యజమాని జీతంలో 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడతారు. పార్ట్‌టైమ్ వాళ్లకు మినహాయింపేమీ లేదు.

కాంట్రాక్టర్ కింద ఉన్నవాళ్ల సంగతి? దానికి జవాబు మన హైదరాబాద్ నుంచే వచ్చింది. రాయల్ టాకీస్ తదితర సినిమా హాళ్లు క్యాంటీన్‌ను, సైకిల్ స్టాండ్‌ను బయటివాళ్లకు అప్పగించాయి. అక్కడ పనిచేసేవాళ్లు మా ఉద్యోగులు కారని వాదించాయి. 1978లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. హాలు పనికి అనుబంధంగా, హాలు ఆవరణలో పనిచేస్తున్నారు కాబట్టి వాళ్లకూ ఈఎస్ఐ వర్తిస్తుందని చెప్పింది. కాంట్రాక్టర్ కట్టకపోతే చందా కట్టాల్సిన బాధ్యత అసలు యజమానిది.

పని పోయినప్పుడు ఈఎస్ఐలో రెండు దారులున్నాయి.

మొదటిది అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులై 1న మొదలైంది. సగటు రోజు సంపాదనలో 25 శాతంగా ఉన్న భృతిని 2020 మార్చి 24 నుంచి 50 శాతానికి పెంచారు. జీవితం మొత్తం మీద 90 రోజులకు మించి రాదు. షరతులు ఇవి:

– పని పోయేనాటికి కనీసం రెండేళ్లు ఈఎస్ఐ పరిధిలోని ఉద్యోగంలో ఉండాలి.

– పని పోవడానికి ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. రెండేళ్లలోని మిగతా మూడు చందా కాలాల్లో కనీసం ఒకదానిలోనూ 78 రోజులు ఉండాలి. చందా కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఒకటి.

– దుష్ప్రవర్తనకు శిక్షగా తీసేసినవాళ్లకూ, వయసు నిండినవాళ్లకూ, స్వచ్ఛందంగా విరమించినవాళ్లకూ రాదు.

– పని పోయి 30 రోజులు గడిచాక దరఖాస్తు చేయాలి. ఏడాది దాటితే తీసుకోరు.

ఇక్కడా లెక్క రోజుల్లోనే. ఆరు నెలలంటే 26 వారాలు. వారానికి మూడు రోజులు పనిచేసినా సరిగ్గా 78 రోజులవుతాయి. ఒక్క నాగా పడినా తగ్గుతుంది కాబట్టి అలాంటివాళ్లు తమ రోజుల లెక్కను ముందే చూసుకోవాలి.

పార్ట్‌టైమ్ వాళ్లను ప్రత్యేకంగా తాకే షరతు ఇంకొకటి ఉంది. పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకొకచోట పనిచేస్తూ రెండింటిలోనూ ఈఎస్ఐ ఉంటే, రెండు పనులూ పోతేనే నిరుద్యోగిగా లెక్క. ఒకటి పోయి ఒకటి మిగిలితే భృతి రాదు. సంపాదన సగానికి పడిపోయినా సరే.

ఈ పథకం గడువును ఈఎస్ఐ సంస్థ ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తోంది. దరఖాస్తు పెట్టే ముందు 1800-11-2526 నంబరుకు ఫోన్ చేసి, మీ పని పోయిన తేదీ ప్రస్తుత గడువులో ఉందో లేదో అడగండి. భృతి తీసుకునే రోజుల్లో ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది.

రెండో దారి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. 2005 ఏప్రిల్ 1 నుంచి ఉంది. సంస్థ మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్ చేసినా, పనితో సంబంధం లేని గాయం వల్ల 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం వచ్చినా ఇది వర్తిస్తుంది. మొదటి 12 నెలలు సగటు జీతంలో 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం ఇస్తారు. దీనికీ రెండేళ్ల చందా ఉండాలి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే కాగితం విలువ తెలుస్తుంది. ‘రాజీనామా’ అని ఉంటే చేతికి వచ్చేది దాదాపు సున్నా. ‘పని లేదు’ అని ఉంటే 90 రోజుల భృతి. ‘రిట్రెంచ్‌మెంట్’ అని ఉంటే రెండేళ్ల దాకా భృతి. నెలవారీ చందా వివరాలతో పాటు, ఉద్యోగి ఎందుకు వెళ్లిపోయాడన్న కారణాన్ని యజమాని ఈఎస్ఐ పోర్టల్‌లో ఎంచుకుంటాడు. అక్కడ ఏం పడిందో చూసుకోవడం మీ పని. తప్పు పడితే వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి.

ఒక ఉదాహరణ

మెస్‌లో రోజుకు నాలుగు గంటలు, వారానికి ఆరు రోజులు పనిచేసే ఒకామెను ఊహించుకుందాం. నెలకు 7,800 రూపాయలు. మూడేళ్ల ఎనిమిది నెలలు చేసింది. ఈఎస్ఐ కింద జీతంలోంచి నెలకు 59 రూపాయల దాకా కోత పడుతోంది. కాంట్రాక్టర్ ఒక రోజు ‘రేపటి నుంచి రావద్దు’ అన్నాడు. నోటీసు ఇవ్వలేదు.

నోటీసు బదులు నెల జీతం: 7,800. మూడేళ్ల మీద ఎనిమిది నెలలున్నాయి కాబట్టి నాలుగేళ్ల లెక్క. 15 రోజుల జీతం సుమారు 3,900 చొప్పున పరిహారం: 15,600. ఈ రెండూ కలిపి యజమాని ఇవ్వాల్సింది 23,400.

అటల్ బీమిత్ కింద, గత నాలుగు చందా కాలాల మొత్తం సంపాదనను 730తో భాగించి సగటు రోజు సంపాదన కడతారు. రెండేళ్ల జీతం 1,87,200. రోజుకు సుమారు 256 రూపాయలు. అందులో సగం 128. తొంభై రోజులకు దాదాపు 11,540. అన్నీ కలిపితే 34,940 రూపాయలు, అంటే నాలుగున్నర నెలల జీతం. ‘పూట పనే కదా’ అని వదులుకునేది ఇంత.

ఇవి కూడా అడగాలి

మిగిలిన జీతం: తీసేసినా, రాజీనామా చేసినా, సంస్థ మూతపడినా, రావాల్సిన జీతమంతా రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. ఇవ్వకపోతే మూడేళ్లలోగా క్లెయిమ్ వేయవచ్చు.

గ్రాట్యుటీ: పది మంది ఉన్న సంస్థలో ఐదేళ్లు నిరంతరంగా చేస్తే ఏడాదికి 15 రోజుల జీతం. నెలకు 26 పనిదినాలుగా లెక్కగడతారు. గడువు ఒప్పందం మీద ఉన్నవాళ్లకు కొత్త సామాజిక భద్రత కోడ్ ప్రకారం ఏడాది చాలు. ‘మీ ఒప్పందం ముగిసింది, పరిహారం లేదు’ అని చెప్పే యజమాని గ్రాట్యుటీని కూడా ఎగ్గొట్టలేడు.

పీఎఫ్: పని పోయిన నెలకు 75 శాతం, రెండు నెలలకు మిగతాది తీసుకోవచ్చన్నది చాలాకాలంగా ఉన్న నియమం. మొత్తం ఖాళీ చేయడానికి ఈ రెండు నెలల గడువును 12 నెలలకు పెంచాలని 2025 అక్టోబరులో ఈపీఎఫ్ఓ కేంద్ర ట్రస్టీల బోర్డు నిర్ణయించింది. పని మానేసిన తేదీని యజమాని పోర్టల్‌లో వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత యూఏఎన్ లాగిన్‌తో మీరే వేసుకోవచ్చు.

ఖరగ్‌పూర్‌లో ఎవరి దగ్గరకు వెళ్లాలి?

ఈ ఊళ్లో చాలామంది దారి తప్పేది ఇక్కడే. ఖరగ్‌పూర్‌లో పనిచోట్లు రెండు ప్రభుత్వాల కింద ఉన్నాయి. గేటు ఎవరిదో చూసుకోకుండా ఫిర్యాదు ఇస్తే, ‘ఇది మా పరిధి కాదు’ అన్న సమాధానం కోసం నెలలు గడిచిపోతాయి.

రైల్వేలో, రైల్వేకు పనిచేసే కాంట్రాక్టర్ దగ్గర అయితే కేంద్ర ప్రభుత్వ పరిధి. ఐఐటీ లాంటి కేంద్ర స్వయంప్రతిపత్తి సంస్థలు, వాటి కాంట్రాక్టర్లు కూడా కొత్త కోడ్ ప్రకారం కేంద్రం కిందే. వీళ్లు కేంద్ర చీఫ్ లేబర్ కమిషనర్ వ్యవస్థకు వెళ్లాలి. దాని ప్రాంతీయ కార్యాలయం కోల్‌కతాలో ఉంది. ‘సమాధాన్’ పోర్టల్‌లో ఇంటి నుంచే వివాదం నమోదు చేయవచ్చు. రాజీ కుదరకపోతే కేసు కోల్‌కతాలోని కేంద్ర పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళుతుంది.

గోల్‌బజార్ దుకాణాలు, నింపురా వైపు ప్రైవేటు ఫ్యాక్టరీలు, ప్రైవేటు ఆసుపత్రులు, హోటళ్లు అయితే రాష్ట్ర కార్మిక శాఖ. ఖరగ్‌పూర్ సబ్‌డివిజన్‌ను చూసే కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు ఇచ్చి, రెండో ప్రతి మీద స్టాంపు, తేదీ వేయించుకోండి.

ఈఎస్ఐ భృతి దరఖాస్తుకు ఈ తేడా లేదు. ఎక్కడ పనిచేసినా ఈఎస్ఐ పోర్టల్‌లో మీ బీమా నంబరుతో లాగిన్ అయి క్లెయిమ్ పెట్టాలి. ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు సరిపోలాలి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆగుతుంది. తెలుగు ఇంటిపేర్లు బెంగాల్ రికార్డుల్లో రకరకాలుగా పడటం మామూలే కాబట్టి ముందే సరిచూసుకోవాలి. మీ బ్రాంచి కార్యాలయం ఏదో ఈ-పెహచాన్ కార్డు మీద ఉంటుంది.

భాష విషయం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్ర అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు అది పెద్ద గుర్తింపు. కానీ కార్మిక శాఖ ఫిర్యాదూ, ఈఎస్ఐ క్లెయిమూ త్వరగా కదలాలంటే తెలుగు ప్రతితో పాటు ఇంగ్లిషు ప్రతి జత చేయడం మేలు.

వకీలుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. పశ్చిమ మేదినీపూర్ జిల్లా న్యాయ సేవల సంస్థను అడగవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.

గడువు మరవకండి. తీసివేతపై వివాదం లేవదీయడానికి పాత చట్టంలో మూడేళ్ల గడువుండేది. కొత్త కోడ్ దాన్ని రెండేళ్లకు తగ్గించింది.

రుజువు మీరే చూపాలి

240 రోజులు పనిచేశానని నిరూపించే భారం కార్మికుడిదే. ఒట్టి అఫిడవిట్ చాలదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 2005లో మరో కేసులో దీన్ని కొంత సరిదిద్దింది. హాజరు పట్టీలు, జీతాల రిజిస్టర్లు యజమాని దగ్గరే ఉంటాయి కాబట్టి వాటిని తెప్పించమని కార్మికుడు కోరవచ్చు. తేకపోతే కేసు పరిస్థితులను బట్టి కోర్టు యజమానికి వ్యతిరేకంగా భావించవచ్చు.

పార్ట్‌టైమ్ మనిషికి అపాయింట్‌మెంటు లెటర్ ఉండదు. అయినా ఆనవాళ్లు ఉంటాయి. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు లేదా యూపీఐ చరిత్ర, గేటు పాసు, ఐడీ కార్డు, షిఫ్టుల గురించి సూపర్‌వైజర్ పంపిన వాట్సాప్ సందేశాలు, ఈఎస్ఐ, పీఎఫ్ పోర్టళ్లలోని చందా వివరాలు, అన్నీ పనికొస్తాయి. గ్రూపులోంచి తీసేయక ముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. జీతం చేతికిచ్చే చోట రోజూ వచ్చిన, వెళ్లిన సమయం రాసుకునే చిన్న నోట్‌బుక్ ఉంటే, తోటివాళ్ల సాక్ష్యంతో కలిపి అదీ బలమే.

నియమాలు పాటించకుండా తీసేశారని తేలితే ఒకప్పుడు కోర్టులు మళ్లీ పనిలోకి తీసుకోమనేవి. రోజుకూలీల కేసుల్లో ఇటీవలి సంవత్సరాల్లో ఎక్కువగా ఒకేసారి కొంత మొత్తం ఇప్పిస్తున్నాయి.

ఎవరు మిగిలిపోతున్నారు?

ఈ చట్టాలు అందరినీ కాపాడవు. రైల్వే క్వార్టర్లలోనూ, ఐఐటీ ఆచార్యుల ఇళ్లలోనూ నాలుగిళ్లు చేసుకునే పనిమనుషులకు పరిహారం లేదు. ఇంటి పనిని కొత్త కోడ్ ‘పరిశ్రమ’ నిర్వచనం నుంచి తప్పించింది. టీచర్లు ‘వర్క్‌మన్’ కారని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి పార్ట్‌టైమ్ టీచరుకు ఈ పరిహారం రాదు. అర్హత ఉంటే గ్రాట్యుటీ మాత్రం వస్తుంది. పది మంది లేని దుకాణంలో ఈఎస్ఐ ఉండదు, పరిహారం ఒక్కటే ఉంటుంది. 2013లో రాష్ట్రం మొదలుపెట్టిన యువశ్రీ, ఎంప్లాయ్‌మెంట్ బ్యాంకులో నమోదైన నిరుద్యోగ యువతకు నెలకు 1,500 రూపాయలిచ్చే పథకమే తప్ప పని పోయినందుకు ఇచ్చే భృతి కాదు.

మిగిలినవాళ్లకు మాత్రం మొదటి వారమే ముఖ్యం. సంతకం పెట్టకండి. తీసేసినట్టు రాసిమ్మని అడగండి. ఇవ్వకపోతే, ‘ఫలానా తేదీ నుంచి నన్ను పనిలోకి రానివ్వడం లేదు, నేను పనికి సిద్ధంగా ఉన్నాను’ అని మీరే రాసి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మీరు మానేయలేదని రేపు చెప్పడానికి ఆ రసీదే మొదటి సాక్ష్యం. ఈఎస్ఐ, పీఎఫ్ వివరాలు దించుకోండి. ముప్పయ్యో రోజు దాటగానే భృతికి దరఖాస్తు పెట్టండి.